చూడకుండా రాసిన నంబరు

పోయిన వారం నర్సయ్యను మనం గేటు దగ్గరే వదిలేసి వచ్చాం. భార్య దినాలు అయిన మర్నాడే ఇస్త్రీ యూనిఫాం తొడుక్కుని డ్యూటీ ఎక్కాడు. ఇంకో నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండమని సూపర్‌వైజరు అంటే, "ఇంట్ల ఉండి ఏం జెయ్యాలె సార్" అన్నాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు. పన్నెండు రోజుల కిందట, పొద్దున ఆరూ పదికి, ఐటీ ఆఫీసులో ఊడ్చి తుడిచే పనికి నడిచిపోతున్న అతని భార్య బాలమ్మను ఒక తెల్ల కారు పక్క అద్దంతో తాకి పడేసింది. తల డివైడరు గట్టుకు కొట్టుకుంది. కారు ఆగలేదు. ఆ కారును ఎట్లాగైనా పట్టుకుంటానని మాటిచ్చిన ఎస్సై శేఖర్ జీపు ఇవాళ పదకొండు గంటలకు నర్సయ్య గేటులోకే వచ్చింది. నర్సయ్య లేచి సలాం కొట్టి, జీపు నంబరు రిజిస్టరులో రాసుకున్నాడు. "పెన్ను పక్కన బెట్టి నాతోని రా నర్సయ్యా" అన్నాడు శేఖర్.

కాలనీ సంఘం ఆఫీసు క్లబ్‌హౌస్ పక్కనే ఉంటుంది. నాలుగు టవర్లు, నాలుగు వందల ఫ్లాట్లు, అంతకంటే ఎక్కువ కార్లు ఉన్న కాలనీ అది. లిఫ్టు కోసం నిమిషం ఆగాల్సి వస్తే వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు పెట్టేంత తీరిక లేని జనం. ఆ గ్రూపులో అరవై తగువులు నడుస్తుంటాయి గానీ, వాటన్నిటి మీదా సంతకం పెట్టే మనిషి ఒక్కరే, రామబ్రహ్మం. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరై, కాకినాడ నుంచి కొడుకు దగ్గరకు వచ్చి స్థిరపడ్డ మనిషి. పోయినేడు ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు.

నర్సయ్యకు ఆయనంటే గౌరవం. దానికి కారణం చిన్నదే. పన్నెండేళ్లుగా ఆ గేటులో లోపలికొచ్చే ప్రతి కారుకూ నర్సయ్య సలాం కొడుతున్నాడు. లోపలున్నవాళ్లు ఫోను చూసుకుంటూ పోతారు, లేదా అద్దం వెనక అసలు కనబడరు. చెయ్యెత్తి జవాబిచ్చేది రామబ్రహ్మం ఒక్కడే. మొన్న బాలమ్మ దినానికి కూడా ఆయన బస్తీకి వచ్చాడు. షామియానా కింద గంటసేపు నిలబడి, విస్తరి ముందు కూర్చోమంటే వద్దని, ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పెద్దమనిషికి ఎంత బాధ అని బస్తీవాళ్లు అనుకున్నారు.

ఆఫీసులో రామబ్రహ్మం బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ఆయన కొడుకు రోహిత్ లాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని పక్క కుర్చీలో ఉన్నాడు. ఆఫీసుకు ఆలస్యమవుతోందని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. ఎస్సై కూర్చోమన్నా నర్సయ్య కూర్చోలేదు. ఆ గదిలో కూర్చోవడం అతనికి అలవాటు లేదు.

"వీడియో దొరికింది" అన్నాడు శేఖర్. "సూస్తవా? వద్దనుకుంటే వద్దు."

"సూపియ్యుండ్రి సార్."

ఫోను చిన్నది, బొమ్మ అంతకన్నా చిన్నది. అయినా నర్సయ్య బాలమ్మను నడకతోనే గుర్తుపట్టాడు. ఎడమ చేతిలో టిఫిను డబ్బా ఉంది. కుడికాలు కొంచెం ఈడుస్తోంది. చెప్పు తెగిందని ముందురోజు చెప్పింది, కుట్టించుకొస్తానని అతను మరిచిపోయాడు. బొమ్మ లోపలి నుంచి తెల్ల కారొకటి ఎదురుగా వచ్చింది. రెండు దీపాలు, మధ్యలో జాలీ, దాని కింద నంబరుండాల్సిన చోట ఖాళీ నలుపు. కారు బొమ్మలోంచి తప్పుకుంది. ఆ తరువాత బాలమ్మ కూడా లేదు.

ఏడుపు వస్తుందనుకుని అందరూ అతని వంక చూశారు. రాలేదు. పన్నెండు రోజులుగా రాలేదు. దవాఖానలో రాలేదు, కట్టెల దగ్గరా రాలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయి, ఎవరికో జరిగిన సంగతి ఇంకెవరో చెబుతుంటే వింటున్నట్టు ఉంటోంది. చెప్పు కుట్టించాల్సింది అని మాత్రం అనుకున్నాడు. ఆ ఖాళీ నలుపు ఎక్కడో చూసినట్టు అనిపించింది గానీ ఆ ఆలోచన కూడా నిలబడలేదు.

"కెమెరా ఒక్క దిక్కే సూస్తది. ఎనుక నంబరు దొరకలె" అన్నాడు శేఖర్. "ఆ రోడ్డు మీదికెళ్లి మూడు కాలనీలకు తొవ్వ ఉన్నది. ఇసుంటి తెల్ల బండ్లు మీ కాలనీల అయిదున్నయి."

"ఉన్నాయండీ. అయిదింటికీ ముందు ప్లేట్లు కూడా ఉన్నాయి" అన్నాడు రామబ్రహ్మం. "నేను వచ్చాక పెట్టిన రూలే అది. ముందు నంబరు లేని బండిని లోపలికి రానివ్వకూడదు, రిజిస్టరులో రాసేటప్పుడు ఆ నంబరు కళ్లతో చూసే రాయాలి. అంతకుముందు గేటు సెన్సారు పాడైతే, ప్లేటు లేని బండి ఎవరిదో తెలియని పరిస్థితి ఉండేది." ఆయన సొరుగులోంచి నిండిపోయిన పాత రిజిస్టరు తీసి ఆ రోజు పేజీ తిప్పాడు. "ఇదిగో, ఆరూ ఇరవై. అరవై ఒకటి ముప్ఫై ఎనిమిది. బి టవరు, పన్నెండు వందల నాలుగు. మా అబ్బాయి బండి. మిగతా నాలుగూ ఆ పొద్దున గేటు దాటలేదు. ఈ ఒక్కదానికీ నంబరు చూసి రాశాడు కదా, మీరు వెతికే బండి ఇది కాదు."

"మీ బండి?"

"నాది చిన్న నీలం కారండీ. ఆ వారమంతా రిపేరుకు బాలానగర్ షెడ్డులో ఉంది." రామబ్రహ్మం గ్లాసులో నీళ్లు తాగి, చెయ్యి మళ్లీ రిజిస్టరు మీదే పెట్టుకున్నాడు.

రోహిత్‌కు ఓపిక అయిపోయింది. "అసలు ముందు ప్లేటే దండగండీ. నేను గ్రూపులో కూడా అదే చెప్పాను. కొన్ని దేశాల్లో వెనకాల ఒకటే ఉంటుంది, వాళ్లకేం పని ఆగిపోలేదు కదా. డిజైనరు నెలల తరబడి కష్టపడి బండికి ఒక ముఖం తెస్తాడు, మనం తీసుకెళ్లి దాని మీద రేకు కొడతాం. కెమెరాలన్నీ వెనక నుంచి ఫొటో తీసేలా పెడితే సరిపోతుంది."

ఆ తగువు గ్రూపులో మూడు నెలలు నడిచింది. ముందు ప్లేటు ఉండాలని తండ్రి, అక్కర్లేదని కొడుకు. ఇంట్లో తేలని సంగతి ఓటింగుకు పెడితే తండ్రి గెలిచాడు.

"మన దగ్గర రెండు దిక్కుల ఉండాలె సార్, చట్టం" అన్నాడు శేఖర్ పొడిగా. నర్సయ్య వైపు తిరిగాడు. "ఈ రాత నీదేనా?"

"నాదే సార్."

"నంబరు సూసే రాసినవా?"

"సూసిన సార్."

ఆ ప్రశ్నకు పన్నెండేళ్లుగా అతని జవాబు అదే. కారు కనబడితే చెయ్యి నుదుటికి లేచినట్టు, ఆ మాట కూడా దానంతటదే వచ్చేసింది. శేఖర్ కాగితం మీద రాసుకుని, "సంతకం బెట్టు" అని పెన్ను ఇచ్చాడు.

"బాపూ."

గుమ్మంలో నవనీత నిలబడి ఉంది, చేతిలో అన్నం డబ్బాతో. నర్సయ్యకు ఒక్కతే కూతురు. మియాపూర్‌లో ఒక కార్ల షోరూంలో పని చేస్తుంది. కొత్త బండ్లకు నంబరు ప్లేట్లు బిగించడం ఆమె పని. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"జర బయటికి రా. సంతకం తర్వాత బెడుదువు."

రోహిత్ ఆమె వంక చూశాడు. "మేడం, ఇక్కడ పోలీసు స్టేట్‌మెంట్ జరుగుతోంది."

"ఇన్న సార్. మీరు ముందటి ప్లేటు గురించి చెప్పింది గూడ ఇన్న" అంది నవనీత. గొంతు పెంచలేదు. "ఎదురుంగ వచ్చే బండికి ముందటిదే కనబడుతది సార్. ఎనుకటిది, బండి మీదికెళ్లి పోయినంక కనబడుతది. మా అమ్మ అప్పటికి సూసే తీరుల లేకుండె."

శేఖర్ నర్సయ్యకు కళ్లతో సైగ చేశాడు, పొమ్మని.

గేటు గదిలో ఫ్యాను తిరుగుతోంది. నవనీత డబ్బా బల్ల మీద పెట్టి, ఫోనులో ఫొటో చూపించింది. "అమ్మ పోయినప్పటి నుంచి తెల్ల బండి ఏది కనబడ్డా సూస్తున్న. ఇది ఇప్పుడు వచ్చుకుంట బి టవరు సెల్లారుల తీసిన. ఇది అరవై ఒకటి ముప్ఫై ఎనిమిది. ముందటి ప్లేటు సూడు. మేం బిగించే లాకు ఒక్కసారి బిగిస్తే మల్ల ఊడరాదు, కోస్తెనే వస్తది. ఎనుక ప్లేటుకు ఆ లాకులే ఉన్నయి. ముందట మాత్రం మామూలు స్క్రూలున్నయి, తళతళ మెరుస్తున్నయి. అంటే ఎవలో ముందటిది కోసి తీసిండ్రు, మొన్నమొన్ననే మల్ల బిగించిండ్రు."

నర్సయ్య ఫొటో చూశాడు. రెండు స్క్రూలు, కొత్తవి.

"నిజం చెప్పు బాపూ. ఆ దినం నువ్వు నంబరు సూసినవా?"

ఈ ఒక్క విషయం ఆ కాలనీలో ఎవరికీ తెలియదు. నర్సయ్య నాలుగో తరగతి దాటలేదు గానీ అంకెలు మాత్రం అతని బుర్రలో అతుక్కుపోతాయి. నాలుగు వందల కార్ల నంబర్లు నోటికొచ్చు. "మా నర్సయ్య కంప్యూటర్" అని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఇష్టమై, అతను ఎప్పుడో చూడటం మానేశాడు.

"దూరం నుంచి వస్తుండంగనే రాస్త బిడ్డా" అన్నాడు. "రంగు, బండి తీరు సూస్తే నంబరు యాదికొస్తది. గేటు కాడికి వచ్చినంక రాసుడు కుదరదు. ఒక చెయ్యి గేటు కట్టె లేపాలె, ఒక చెయ్యి సలాం కొట్టాలె. అందుకే ముందుగాల్నే రాసుకుంట."

"ప్లేటు ఉండెనా లేకుండెనా, అది చెప్పు."

కళ్లు మూసుకున్నాడు. తూర్పు ఎండ, మలుపు తిరిగిన తెల్ల కారు, దీపాల మధ్య ఆ ఖాళీ నలుపు. ఫోనులో చూసింది ఇక్కడ చూసినదే. "లేకుండె. అంతకు వారం ముందు నుంచే లేకుండె. ఆపాలనే అనుకున్న. ప్రెసిడెంటు సారు కొడుకు బండిని ఎట్ల ఆపాలె, ఆయన పెట్టిన రూలు ఆయన కొడుక్కు నేను చెప్పాల్నా అనుకున్న."

నవనీత మెల్లగా అంది, "ఆరూ పదికి అమ్మ పడిపోయింది. ఆరూ ఇరవైకి ఆ బండి నీ గేటుకు వచ్చింది. నువ్వు సలాం కొట్టినవ్."

"కొట్టిన."

అంతే అన్నాడు. తన కుడిచేతి వంక చూసుకుంటే అది వేరే ఎవరిదో చెయ్యిలా ఉంది. దుఃఖం కూడా రాలేదు. వచ్చుంటే బాగుండేదని అనిపించింది. ఇప్పుడు లోపలికి వెళ్లి చూడకుండా రాశానని చెబితే, పన్నెండేళ్ల రాత అంతా అబద్ధమైపోతుంది. ఏజెన్సీవాళ్లు సాయంత్రానికల్లా యూనిఫాం విప్పించుకుంటారు. చెప్పకపోతే ఆ కారు బి టవరు సెల్లారులో చల్లగా పడుకుంటుంది, రోజూ పొద్దున ఈ గేటులోంచే వస్తుంది, తను లేచి సలాం కొట్టాలి.

"తిని పో బాపూ" అంది నవనీత.

"వచ్చినంక తింట" అని లేచాడు. నవనీత వెనకాలే వచ్చింది.

సంతకం కాగితం బల్ల మీద అట్లాగే ఉంది. నర్సయ్య దాన్ని తాకలేదు. "సార్, నేను ఆ నంబరు సూడకుంట రాసిన. ఆ బండికి ముందట ప్లేటు లేకుండె."

రోహిత్ కుర్చీలోంచి సగం లేచాడు. రామబ్రహ్మం మాత్రం కదల్లేదు. "నర్సయ్యా, నీ మనసు బాగాలేదు" అన్నాడు మెత్తగా. "కూతురు ఏదో చెప్పింది, నీకూ అట్లాగే అనిపిస్తోంది. పన్నెండేళ్లలో ఒక్క అంకె తప్పు రాయనివాడివి."

"గిట్ల మాట మారిస్తే కోర్టుల నిలబడది నర్సయ్యా" అన్నాడు శేఖర్ కూడా. "సూసి రాసిన అన్నవ్. పది నిమిషాలైతలేదు."

"పరీక్ష పెట్టుండ్రి సార్" అంది నవనీత. "ఈ కిటికీలకెళ్లి సర్కిల్ కాడి మలుపు కనబడుతది. నంబరు మాత్రం ఈడికి కనబడది. మా బాపు ఈన్నుంచి చెప్తడు, గేటు కాడ మీ కానిస్టేబుల్ని ప్లేటు సూసి ఫోన్ల చెప్పమనుండ్రి."

శేఖర్‌కు ఇదేదో వేడుకలా ఉందనిపించిందేమో, సరేనని కానిస్టేబుల్‌కు ఫోను చేశాడు. నర్సయ్య కిటికీ దగ్గర నిలబడ్డాడు. మలుపులో ఎర్ర కారు కనబడింది. "ఇరవై రెండు డెబ్భై" అన్నాడు. అర నిమిషం తరువాత ఫోనులో కానిస్టేబుల్ అదే చెప్పాడు. బూడిద రంగు కారు వచ్చింది. "తొంభై పదిహేడు." అదీ అదే. రోహిత్ నోరు తెరిచి చూస్తున్నాడు. మూడోది నల్ల కారు. "నలభై నాలుగు డెబ్భై ఒకటి, ఎ టవరు" అన్నాడు నర్సయ్య తడుముకోకుండా.

ఫోనులో కానిస్టేబుల్ కాస్త ఆగి చదివాడు. "సార్, ఇది ఎనభై సున్నా అయిదు. కాలనీ బండి గాదు, సుట్టాలింటికి వచ్చిండ్రంట. రంగు, కంపెనీ అదే."

"సూసిండ్రా సార్" అన్నాడు నర్సయ్య. "నేను రిజిస్టర్ల నలభై నాలుగు డెబ్భై ఒకటి అనే రాస్తుంటి. నాకు ఎరుకున్నది రాస్త, కనబడేది గాదు."

శేఖర్ ముందున్న స్టేట్‌మెంటు కాగితం మధ్యకు చింపి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు అతని గొంతులో వేడుక లేదు. "రోహిత్ గారూ, ఇగ మీరు చెప్పుండ్రి. ఆ దినం బండికి ముందు ప్లేటు ఉండెనా?"

రోహిత్ బ్యాగు జిప్పు తెరిచి మూశాడు. "లేదండీ. బంపరు రంగుకిచ్చినప్పుడు తీయించాను. చూడ్డానికి బాగుందని మళ్లీ పెట్టించలేదు."

"ఎప్పుడు బిగించిండ్రు?"

"ఆ మర్నాడు." తరువాతి మాట అతనికి చాలా కష్టమైంది. "నాన్న పెట్టించమన్నారు. రూలు కదా అన్నారు."

"పొద్దున ఆరింటికి బండి తీసిందెవరు?"

రోహిత్ తండ్రి వంక చూశాడు. ఎంతోసేపు చూడలేదు, ఒక్క క్షణమే. ఆ క్షణంలో అతనికి ఏం అర్థమైందో, ముఖంలో రంగు పోయింది. "నేనేనండీ" అన్నాడు. "నేనే తీశాను."

శేఖర్ కొత్త కాగితం తీశాడు. నవనీత గోడకు ఆనుకుంది. అంతా అయిపోయిందని ఆమె అనుకుంది.

నర్సయ్య మాత్రం ఇంకా ఆ ఆరూ ఇరవై దగ్గరే ఉన్నాడు. మలుపు తిరిగి వస్తున్న తెల్ల కారును ఇప్పుడు నిజంగా చూస్తున్నాడు, పన్నెండేళ్లలో మొదటిసారి. ఎండ అద్దం మీద పడి లోపలి ముఖం కనబడలేదు. కిటికీ అద్దం మాత్రం జానెడు దిగి ఉంది. తను కట్టె లేపాడు, సలాం కొట్టాడు. ఆ జానెడు సందులోంచి ఒక చెయ్యి పైకి లేచి జవాబిచ్చింది. రోజూ ఇచ్చేట్టే ఇచ్చింది. రోహిత్ ఆ గేటు దాటిన ఇన్నేళ్లలో ఒక్కసారి చెయ్యెత్తి ఎరగడు.

గుండెలో ఏదో కదిలింది. నొప్పి అది, పన్నెండు రోజుల తరువాత వచ్చిన నొప్పి. నర్సయ్య కుర్చీ వెన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"రోహిత్ సారు గాదు సార్" అన్నాడు. "ఆ దినం నా సలాంకు లోపల ఉన్నోళ్లు చెయ్యెత్తిండ్రు."

రామబ్రహ్మం రిజిస్టరు మీదున్న చేతిని మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.